స్కాన్ బాగానే ఉందన్నారు, మనిషే మారిపోయారు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది గుంటూరు. మా వారికి 38 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. నాలుగు నెలల క్రితం రాత్రి పొద్దుపోయాక విజయవాడ నుంచి బండి మీద వస్తూ, పెదకాకాని దగ్గర లైట్లు లేకుండా ఆపి ఉంచిన ట్రాక్టర్ ట్రక్కును గుద్దుకున్నారు. హెల్మెట్ బండికే తగిలించి ఉంది. తలలో రక్తం గడ్డకట్టిందని ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. కుడివైపు పుర్రె ఎముక తీసి పొట్టలో దాచారు, ఇంకా తిరిగి పెట్టలేదు. 19 రోజులు ఐసీయూలో ఉన్నారు. చేర్చినప్పుడు జీసీఎస్ 7 అని కాగితాల్లో ఉంది. కళ్లు తెరిచాక చాలా రోజులు పైపులు పీకేసుకుంటూ, నర్సులను తిడుతూ ఉంటే చేతులు మంచానికి కట్టారు. ఐదారు వారాలకు గానీ ఏ రోజు ఏం జరిగిందో గుర్తుండటం మొదలవలేదు.

ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు, తన పనులు తాను చేసుకుంటున్నారు. నడుస్తున్నాడు, తింటున్నాడు, ఇంకేం కావాలి అంటున్నారు అందరూ. మొన్న స్కాన్ తీసి బాగానే ఉందన్నారు. కానీ ఇంట్లో ఉన్నది మా వారేనా అనిపిస్తోంది. అన్నం తిన్న గంటకే తినలేదంటారు. అడిగిందే పదిసార్లు అడుగుతారు. లేపితే లేస్తారు, లేకపోతే పొద్దున్నుంచీ మంచం మీదే. ఎనిమిదేళ్ల పాప పెన్సిల్ కింద పడేసినా అరుస్తారు, ఒకరోజు గ్లాసు విసిరారు. పాప నాన్న దగ్గరికి వెళ్లడం మానేసింది. నాకేమీ కాలేదు, బండి తాళాలు ఇవ్వమని రోజూ గొడవ. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. మా మరిది బ్రెయిన్ టానిక్ మాత్రలు తెచ్చాడు, నెలకు మూడు వేలు అవుతోంది. ఫిట్స్ మాత్రలు మానేద్దామని కూడా అంటున్నాడు. ట్రాక్టర్ వాళ్లు యాభై వేలు ఇస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. ఆయన ఎప్పటికి మామూలు మనిషి అవుతారు? నేనేం చేయాలి?
ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు రెండు మాటలు. ఆ రాజీ కాగితం మీద మీరు సంతకం పెట్టకండి, ఆయన చేతా పెట్టించకండి. ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపకండి. ఎందుకో కింద చెబుతాను.

"నడుస్తున్నాడు, తింటున్నాడు, ఇంకేం కావాలి" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. విజయవాడలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో నేనూ ఇంచుమించు ఆ మాటే అన్నాను. ఒకావిడ తలకు దెబ్బ తగిలి కోలుకున్న భర్తను తీసుకొచ్చింది. ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి చూశాను. రక్తం కరిగిపోయింది, వాపు లేదు. "స్కాన్ చాలా బాగుందమ్మా, అదృష్టవంతులు" అని పంపించేశాను. ఆవిడ ఏదో చెప్పబోయింది, బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, నేను వినలేదు. ఏడాదికి మళ్లీ వచ్చింది, ఒక్కతే. ఆయన ఉద్యోగం పోయింది, అయినకాడికి అప్పులు చేశాడు, ఈవిడ పుట్టింటికి చేరింది. "మీరు బాగుందన్నారు కదా మేడమ్, అందుకే ఆయన కావాలనే చేస్తున్నాడనుకున్నాం" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందుకే మీకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది: మీ వారు కావాలని చేయడం లేదు. దెబ్బ తగిలిన చోటు అలాంటిది.

మెదడు 1,300 నుంచి 1,400 గ్రాముల బరువుంటుంది. చాలా మెత్తన. మన ఇళ్లలో జున్ను ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకోండి. గిన్నెలో జున్ను పెట్టి ఒక్క కుదుపు కుదిపితే గిన్నెకు ఏమీ కాకపోయినా జున్ను అంచులు చితుకుతాయి, మధ్యలో పగుళ్లు వస్తాయి. బండి ట్రక్కుకు కొట్టుకుని ఆగింది, తల ఆగింది, లోపల మెదడు మాత్రం అదే వేగంతో ముందుకెళ్లి పుర్రెకు కొట్టుకుంది. నుదుటి వెనక, కణతల లోపల పుర్రె అడుగుభాగం నున్నగా ఉండదు, గట్లుగట్లుగా ఉంటుంది. అందుకే దెబ్బ బయట ఎక్కడ తగిలినా, లోపల ఎక్కువగా నలిగేది నుదుటి భాగం, కణత భాగం. కోపాన్ని ఆపుకోవడం, ఒక పని తనంతట తాను మొదలుపెట్టడం, ఇది మాట్లాడవచ్చా లేదా అని ఆలోచించడం నుదుటి భాగం చూసుకునే పనులు. కొత్త విషయం గుర్తుపెట్టుకోవడం కణత లోపలి భాగం పని. మీరు రాసిన ఒక్కొక్క ఇబ్బందినీ ఈ రెండు చోట్ల పక్కన పెట్టి చూడండి, అన్నీ అతికినట్టు సరిపోతాయి. తిన్నది మరచిపోవడం, మంచం దిగకపోవడం, పెన్సిల్‌కు అరవడం, అన్నీ. పాత విషయాలు మాత్రం ఆయనకు బాగానే గుర్తుండి ఉంటాయి. పెళ్లినాటి సంగతులు అడిగితే చెబుతారు, పొద్దున తిన్న టిఫిన్ చెప్పలేరు. చూసేవాళ్లకు అది నటనలా కనిపిస్తుంది. కాదమ్మా. పాతవి ఎప్పుడో భద్రంగా చేరిపోయాయి, కొత్తవి లోపలికి వెళ్లే దారే పాడైంది.

ఇక స్కాన్ సంగతి. తల ఊగిపోయినప్పుడు మెదడులో ఒక చోటుకూ మరో చోటుకూ మధ్య ఉండే సన్నటి నరాల తీగలు సాగి, మెలితిరిగి తెగుతాయి. సీటీ స్కాన్‌లో రక్తం కనిపిస్తుంది, వాపు కనిపిస్తుంది, విరిగిన ఎముక కనిపిస్తుంది. ఈ తీగలు కనిపించవు. "స్కాన్ బాగుంది" అంటే ఇప్పుడు ఆపరేషన్ చేయాల్సిన ప్రమాదమేదీ లేదని అర్థం. అంతవరకే.

జీసీఎస్ 7 అంటే ఏమిటో మీకు ఎవరూ విడమర్చి చెప్పినట్టు లేదు. మనిషికి స్పృహ ఎంత ఉందో చెప్పడానికి 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఊరి డాక్టర్లు ఇద్దరు తయారుచేసిన కొలత అది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతులూ కదపడానికి 6, మొత్తం 15. చాలామంది పదిహేనుకు ఏడంటే సగం మార్కులు అనుకుంటారు. కానీ ఈ లెక్కలో అసలు స్పృహ లేనివాళ్లకు కూడా 3 వస్తుంది. 8, అంతకంటే తక్కువ ఉంటే తీవ్రమైన దెబ్బ అంటాం. మీ వారిది ఆ కోవలోది. అంత దెబ్బ తగిలి నాలుగో నెలకు తన స్నానం తాను చేసుకుంటున్నారంటే ఆ రాత్రి డాక్టర్లు పని సరిగా చేశారు, ఆ పందొమ్మిది రోజులూ మీరు ఐసీయూ బయట కూర్చున్నది వృథా పోలేదు.

ఎముక ఎందుకు తీశారన్నది కూడా చెబుతాను, చాలామంది దాన్ని చూసి భయపడతారు. దెబ్బ తగిలిన క్షణంలో జరిగే నష్టం ఒకటి, తర్వాతి గంటల్లో, రోజుల్లో జరిగే నష్టం ఇంకొకటి. మొదటిదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆసుపత్రిలో చేసేదంతా రెండోదాన్ని ఆపడానికే. మెదడు వాస్తుంది, పుర్రె మూసిన పెట్టె, వాపుకు పోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగి మెదడుకు రక్తం అందదు. అందుకే వెంటిలేటర్ పెట్టి ఆక్సిజన్ తగ్గకుండా చూస్తారు, బీపీ పడిపోకుండా చూస్తారు, తలవైపు మంచం ఎత్తుతారు, వాపు తగ్గించే మానిటాల్ మందు ఎక్కిస్తారు. అప్పటికీ చాలకపోతే ఎముక తీసి వాపుకు చోటిస్తారు. పాడవకుండా, ఒంటి రక్తం అందుతూ ఉండాలని దాన్ని పొట్ట చర్మం కింద దాస్తారు.

కళ్లు తెరిచాక తిట్టడం, పైపులు పీకడం కూడా కోలుకోవడంలో ఒక మెట్టే. కోమా నుంచి మనిషి సినిమాల్లో లాగా ఒక్కసారిగా లేచి "నేనెక్కడున్నాను" అనడు. ముందు కళ్లు తెరుస్తాడు, చూపు నిలపడు. తర్వాత చూపు నిలుపుతాడు, చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాడు. ఆ తర్వాత వచ్చేది గందరగోళం: ఎక్కడున్నాడో తెలియదు, ఎవరో తనను కట్టేశారని తెలుస్తుంది, భయం, దాంతో తిట్లు. మీరు విన్న ఆ మాటలు ఆయన మనసులో ఎప్పటినుంచో దాచుకున్నవి కావు. బూతులకు చాలా ఆలోచన అక్కర్లేదు, అందుకే మిగతా మాటలకంటే ముందు వస్తాయి. ఆ రోజుల్లోది ఏదీ ఆయనకు గుర్తుండదు, యాక్సిడెంట్ జరిగిన క్షణం ఎప్పటికీ గుర్తు రాకపోవచ్చు. చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఎలా జరిగింది, గుర్తు తెచ్చుకో" అని అడగనివ్వకండి.

ఆ మరపు ఎన్నాళ్లు ఉందన్నది మాకు చాలా ముఖ్యం. వారం దాటితే తీవ్రమైన దెబ్బ, నెల దాటితే మరీ తీవ్రమైనది అని లెక్క. మీ వారికి ఐదారు వారాలు పట్టింది. కాబట్టి ఎప్పటికి మామూలు అవుతారన్న మీ ప్రశ్నకు నేను ఊరికే ధైర్యం చెప్పి తప్పించుకోను. ఇంత దెబ్బ తర్వాత మనిషి అచ్చం పాతలా అవుతారని మాట ఇవ్వలేను. కానీ ఇప్పుడున్నట్టే ఉండిపోతారని అనుకోవద్దు. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఏడాది రెండేళ్ల దాకా సాగుతుంది, ఆ తర్వాత కూడా నెమ్మదిగా మెరుగవుతున్నవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఆరు నెలలు దాటితే ఇక అంతే అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. సాధారణంగా నడక ముందు తేరుకుంటుంది, జ్ఞాపకం, ఓపిక, చొరవ చివర్లో వస్తాయి. పైగా రోజురోజుకూ లెక్కగా పెరగదు. నాలుగు రోజులు బాగుండి, ఒక జ్వరం వస్తే, ఒక రాత్రి నిద్ర లేకపోతే వారం వెనక్కి పోయినట్టుంటుంది. నిన్నటితో పోల్చకండి. ఒక నోటుబుక్కులో నెలకోసారి, ఆయన తనంతట తాను చేసిన పనులు రాసిపెట్టండి. రెండు నెలల కిందటి పేజీ చూస్తే మీకే తెలుస్తుంది.

"ఇంట్లో ఉన్నది మా వారేనా" అని రాశారు. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అనే పాతికేళ్ల రైల్వే మేస్త్రీకి మందుగుండు పేలి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ ఎడమ బుగ్గ కిందనుంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. బతికాడు. నుదుటి భాగం దెబ్బతింది. అంతకుముందు నెమ్మదస్తుడు, పనిమంతుడు. తర్వాత నోటికి అదుపు లేదు, ఓపిక లేదు, పాత పనిలో మళ్లీ పెట్టుకోలేదు. స్నేహితులు "అతను ఇక గేజ్ కాడు" అన్నారని చూసిన డాక్టరు రాశాడు. వైద్య పుస్తకాల్లో కథ ఎక్కువగా ఇక్కడితో ఆపేస్తారు, అది నాకు నచ్చదు. నాలుగేళ్ల తర్వాత అతను చిలీ దేశం వెళ్లి, ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడు. అదే దారి, అదే పని. బుర్ర గాడి తప్పిన మనిషిని రోజువారీ క్రమమే నిలబెట్టిందని నా నమ్మకం. ప్రమాదం జరిగిన పన్నెండో ఏట ఫిట్స్ వచ్చి చనిపోయాడు. ఫిట్స్ మాత్రల గురించి నేను ఇంత పట్టుబట్టడానికి అదీ ఒక కారణం. రక్తం గడ్డకట్టి ఆపరేషన్ అయినవాళ్లకు నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా ఫిట్స్ రావచ్చు. మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

అయితే చీటీ మీద ఆ మాత్ర పేరు ఒకసారి చూడండి. లెవెటిరసెటామ్ అని ఉందేమో. మంచి మందే, మేమూ ఎక్కువగా రాసేది అదే. కానీ కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. మీ వారి కోపంలో కొంత వాటా దానిదే కావచ్చు. డాక్టరుకు "ఈ మాత్ర మొదలయ్యాక కోపం పెరిగిందా అని అనుమానంగా ఉంది" అని చెప్పండి, అవసరమైతే నెమ్మదిగా మరో మందుకు మారుస్తారు. ఇలా చిన్న మార్పుతో ఇల్లు ప్రశాంతపడిన సందర్భాలు నాకు తెలుసు. అదీ కాకపోతే కోపానికి విడిగా మందులున్నాయి. నిద్ర పట్టకపోవడం, దిగులు కూడా అడిగి మరీ చెప్పండి. నాలుగైదు నెలలకు తన పరిస్థితి తనకు కొద్దికొద్దిగా అర్థమవుతుంటే దిగులు మొదలవుతుంది, మంచం దిగకపోవడానికి అదీ కారణం కావచ్చు.

మీ మరిది తెచ్చిన టానిక్ మీద సిటికోలిన్ అని ఉంటుందనుకుంటున్నాను. దాని మీద అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 1,213 మందితో పెద్ద పరీక్ష చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే ఇది వేసుకున్నవాళ్లు ఏమీ మెరుగ్గా కోలుకోలేదు. అబ్బాయి ప్రేమతోనే తెచ్చాడు, నొప్పించకండి. ఆ మూడు వేలు ఫిజియోథెరపీకి, రోజువారీ పనులు మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి పెడితే అన్నకు మేలని చెప్పండి. అత్తగారిది కన్నపేగు. దిష్టి తీస్తే తీయనివ్వండి, దర్గాకో గుడికో తీసుకెళ్తే వెళ్లనివ్వండి. పొగ వేయడం, పసరు పోయడం, ఉపవాసం ఉంచడం, మాత్రలు ఆపడం మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. ఆవిడకు ఒక పని అప్పగించండి: రోజూ మాత్రలు వేయించే బాధ్యత. అమ్మ చేతి నుంచి అయితే ఆయనా గొడవ పెట్టరు.

ఇంట్లో ఏం చేయాలో చెప్పేముందు ఒక మెకానిక్ సంగతి చెప్పాలి. ఆటోనగర్‌లో లారీల పని. దెబ్బ తగిలాక భార్య పేరు తడుముకునేవాడు. కానీ పానాల పెట్టె ముందు పెడితే చూడకుండానే పదమూడో నంబరు తీసేవాడు, చేతికి గుర్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, నాలుగు బోల్టులు విప్పాక ఏది ఎక్కడిదో తెలియక కూర్చుని, పానా విసిరికొట్టేవాడు. మందులు మార్చాను, పెద్దగా లాభం లేదు. దారి కనిపెట్టింది పదోతరగతి చదివే వాళ్లబ్బాయి. కోడిగుడ్ల అట్ట ట్రే తెచ్చి, గుంటలకు స్కెచ్ పెన్నుతో అంకెలు వేశాడు. మొదట విప్పింది ఒకటో గుంటలో, తర్వాతది రెండో గుంటలో. బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు. ఆ రోజు నుంచి పానా విసరడం తగ్గింది. నేను వెళ్లి చూశాను, నూనె మరకల ట్రే, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, ఆయన వేలితో అంకె తడిమి చూసుకుని తీస్తున్నాడు. జ్ఞాపకం బాగుపడలేదు. జ్ఞాపకం చేయాల్సిన పని ట్రే చేస్తోంది.

మీ ఇంట్లో కూడా అలాంటి ట్రేలు కావాలి. మంచం ఎదురుగా గోడకు ఒక బోర్డు, దాని మీద ఈ రోజు తేదీ, వారం, టైము ప్రకారం పనులు. టిఫిన్ తినగానే ఆయన చేతే టిక్ పెట్టించండి. తినలేదని అన్నప్పుడు "ఇప్పుడేగా తిన్నారు, అది కూడా గుర్తులేదా" అనకండి, బోర్డు వైపు చూపించండి. వాదన మీకూ ఆయనకూ కాకుండా బోర్డుతో ఉంటుంది. గుర్తుందా లేదా అని పరీక్షలు పెట్టకండి. "నేనెవరు చెప్పు" అని చుట్టాలు అడిగే అలవాటును గుమ్మం దగ్గరే ఆపండి. ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. "స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మాత్ర వేసుకుని రండి" అంటే ఆయనకు మూడూ పోతాయి. లేవకపోవడం బద్ధకం కాదు, లోపల పనిని మొదలుపెట్టే మీట నొక్కుకోవడం లేదు. "ఏం చేస్తారు" అని అడిగితే జవాబు రాదు. "వాకింగ్‌కు వెళ్దామా, మొక్కలకు నీళ్లు పోద్దామా" అని రెండిట్లో ఒకటి అడగండి.

కోపం వచ్చే వేళలు కనిపెట్టండి. సాధారణంగా సాయంత్రాలు, టీవీ మోగుతూ, కుక్కర్ కూస్తూ, ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు. దెబ్బతిన్న మెదడు చాలా త్వరగా అలిసిపోతుంది, ఆ అలసటే కోపంగా బయటికొస్తుంది. మధ్యాహ్నం ఒక గంట చీకటి గదిలో విశ్రాంతి తప్పనిసరి చేయండి. ముందు పిడికిలి బిగుసుకుంటుందో, పళ్లు కొరుకుతారో, ఆ గుర్తు చూసి టీవీ కట్టేసి మాట మార్చండి. అరుపు మొదలైపోతే నచ్చజెప్పాలని చూడకండి, పాపను తీసుకుని పక్క గదిలోకి వెళ్లండి, పది నిమిషాలకు మామూలుగా వచ్చి వేరే సంగతి మాట్లాడండి. గాజు గ్లాసులు కొన్నాళ్లు పైన పెట్టేయండి. ఎప్పుడైనా చెయ్యి చేసుకునేదాకా వస్తే, జబ్బు కదా అని భరించకండి. బయటికి వెళ్లి ఎవరినైనా పిలవండి, 112కు ఫోన్ చేయండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి.

బండి తాళాల విషయంలో రాజీ లేదు. నాకేమీ కాలేదని అనడం మొండితనం కాదు, తనలో లోపం తాను చూసుకోగలిగే భాగమే దెబ్బతింది. అందుకే మీరు వద్దంటే మీ మీద కోపం వస్తుంది. డాక్టరు చేత చీటీ మీద "నేను చెప్పేదాకా బండి నడపరాదు" అని రాయించి బోర్డు పక్కన అంటించండి. బండిని వీలైతే బంధువుల ఇంట్లో పెట్టండి. మద్యం చుక్క కూడా ముట్టకూడదు. ఫోన్‌లో డబ్బులు పంపే యాప్‌లు, ఏటీఎం కార్డు, చిట్టీ పాటలు మీ చేతిలోకి తీసుకోండి. మంచి మాటలు చెప్పి అడిగితే ఇచ్చేసే స్థితిలో ఉన్నారు ఆయన.

ఎముక తిరిగి పెట్టించడం ఆలస్యం చేయకండి. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య పెడతారు, మీకు సమయం వచ్చింది. అది అందం కోసమే అనుకోవద్దు. పెట్టాక కొందరిలో తలనొప్పి తగ్గి, హుషారు, మాట, నడక కూడా మెరుగుపడతాయి. అప్పటిదాకా ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వకండి, బాత్రూమ్‌లో తడి లేకుండా చూడండి. ఈలోగా లేదా ఆ తర్వాత, బాగుపడుతున్న మనిషి ఉన్నట్టుండి మగతగా ఉంటున్నా, నడకలో తూలుతున్నా, పక్కలో మూత్రం పోతున్నా, తలనొప్పితో వాంతులవుతున్నా, ముక్కులోంచి నీళ్లలాంటిది కారుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. తలలో నీరు చేరవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. రెండిటికీ చికిత్స ఉంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో న్యూరోసర్జరీ, న్యూరాలజీ రెండూ ఉన్నాయి, మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే. వెళ్లినప్పుడు జ్ఞాపకానికి, ఆలోచనకు చేసే న్యూరోసైకాలజీ పరీక్ష కావాలని అడగండి.

ఆ పరీక్ష కాగితమే ట్రాక్టర్ వాళ్ల విషయంలోనూ పనికొస్తుంది. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు, ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిము వేయాలి. మీకు నాలుగు నెలలు గడిచాయి. మీరున్న గుంటూరులోనే వేయవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు పట్టుకుని ఈ వారమే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. హెల్మెట్ లేదు కాబట్టి మనకేమీ రాదని ఎవరన్నా అంటే నమ్మకండి. యాభై వేలకు సంతకం పెడితే, ఆయన మళ్లీ లెక్కలు రాయగలరో లేదో తెలియని ఈ రోజున, ఒక మనిషి సంపాదన మొత్తాన్ని అమ్మేసినట్టే.

పనిలోకి ఇప్పుడే వద్దు. సీజన్‌లో యార్డు అంటే అరుపులు, ఘాటు, ఒకేసారి పది టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క. ముందు ఇంట్లో తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం లెక్కల చీటీ) నమూనా ఒకటి ఇచ్చి రోజూ రెండు మూడు లెక్కలు వేయించండి. తప్పులు తగ్గుతుంటే, రద్దీ తగ్గిన రోజుల్లో, కొట్టు యజమానితో ముందే మాట్లాడి గంటసేపు కూర్చోబెట్టండి. ఒకటే పని, పక్కన ఒక మనిషి, డబ్బు ముట్టుకునే పని కాకుండా.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. రోడ్డు మీద తలకు దెబ్బ తగిలి పడి ఉన్నవాళ్ల నోట్లో నీళ్లు, సోడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదపకుండా 108కు ఫోన్ చేయండి. సాయం చేసినవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, చట్టమే రక్షణ ఇస్తుంది. లేచి మాట్లాడినంత మాత్రాన ఏమీ కాలేదనుకోవద్దు. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంటే మనిషి కొన్ని గంటలు మామూలుగా ఉండి ఆ తర్వాత కుప్పకూలతాడు. పెద్దవాళ్లు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు బాత్రూమ్‌లో జారిపడితే, మూడు నాలుగు వారాల తర్వాత మతిమరుపు, తూలడం మొదలవచ్చు. వయసు వల్లే అనుకుని వదిలేయకండి.

ఇక మీరు. ఉత్తరం మొత్తంలో మీరు అన్నం తింటున్నారా, నిద్రపోతున్నారా అన్నది ఒక్క ముక్క లేదు. భర్త బతికే ఉన్నారు కాబట్టి ఏడవకూడదనుకుంటున్నారేమో. పాత మనిషి కోసం బెంగ పెట్టుకునే హక్కు మీకుంది. వారంలో ఒక పూట మరిదినో అత్తగారినో కూర్చోబెట్టి మీరు బయటికి వెళ్లండి. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

పాపకు నిజం చెప్పండి. "నాన్న తలకు బయట కుట్లు మానాయి, లోపల ఇంకా మానలేదు. నీ మీద కోపం కాదు, నువ్వేం తప్పు చేయలేదు" అని. ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. చాలామంది పిల్లలు నా వల్లే నాన్న ఇలా అయ్యాడని లోపల కుమిలిపోతుంటారు. తర్వాత ఆదివారం పొద్దున, టిఫిన్ అయ్యాక, ఆయన హుషారుగా ఉన్న వేళ చూసి అష్టాచెమ్మా పరచండి. మీరు మధ్యలో కూర్చోండి. గవ్వలు లెక్కపెట్టడం, తన వంతు కోసం ఆగడం, ఏ కాయ జరపాలో ఆలోచించడం, మేము థెరపీలో చేయించేవి ఇవే. పదిహేను నిమిషాలు చాలు. మొదటి రోజు ఆయన మధ్యలోనే లేచి వెళ్లిపోవచ్చు. పాప మొహం చిన్నబుచ్చుకుంటుంది. కాయలు ఎక్కడివక్కడ ఉంచి, పట్టం మీద గుడ్డ కప్పి, మర్నాడు పొద్దున అక్కడినుంచే ఆట మొదలుపెట్టండి.